ముదరక ముందే కోసెయ్యండి

"ఆకు దెంపియ్యాల్నా, అమ్మా?" అని అడిగింది రైతుబజారులో కూరలమ్మే అవ్వ. అడుగుతూనే తెంపేసింది కూడా. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే రెండు గడ్డల ఆకులు ఆమె వెనకున్న గోతాంలో పడిపోయాయి. మిగిలిన మూడింటినీ లాక్కున్నంత పని చేసి, "ఇవి ఆకుతోనే కావాలవ్వా" అన్నాను. "ఆకేం జేస్తవు బిడ్డా? ఇంట్ల మ్యాకలున్నయా?" అని నవ్వింది. పక్కన కొత్తిమీర బేరమాడుతున్న పెద్దాయన ఆ మూడింటి వంకా ఎగాదిగా చూసి, "ఇదేం దుంపండీ?" అన్నారు.

దుంప కాదు. తెలంగాణలో గడ్డ అన్నా, కోస్తాలో దుంప అన్నా ఇది ఆ కోవలోది కానే కాదు. మట్టిలో పెరగదు. నేలకి రెండు వేళ్ల ఎత్తున, గాలిలో, అందరూ చూస్తుండగా ఊరే కాండం. బొంగరానికి చేతులు మొలిచినట్టు పక్కల నుంచీ పైనుంచీ ఆకు కాడలు పొడుచుకొచ్చి ఉంటాయి. లేతాకుపచ్చ రంగుది ఒక రకం, వంకాయ రంగుది ఇంకోటి. రంగు పైతోలుకే. కోస్తే రెండూ లోపల తెల్లనివే. చలికాలం మూడు నాలుగు నెలలు మన బజార్లలో ఓ మూల కనిపిస్తుంది. కొనేవాళ్లు తక్కువ, పేరడిగి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ.

పేరు చెబుతాను. నూల్‌కోల్. వ్యవసాయ పుస్తకాల్లో 'నాల్‌ఖోల్' అనీ ఉంటుంది. హిందీవాళ్లు గాంఠ్ గోభీ అంటారు, అంటే ముడి గోబీ. మా అత్తగారిది హిందూపురం వైపు. కన్నడమూ తెలుగూ ఒకే వాక్యంలో కలిసి కాపురం చేసే ప్రాంతం అది. ఆవిడ నోట ఇది 'నవిలకోసు'. కన్నడంలో నవిలు అంటే నెమలి, కోసు అంటే క్యాబేజీ. ఎంత తిప్పి చూసినా ఇందులో నాకు నెమలి కనపడలేదు. డచ్చి భాషలో క్నోల్ అంటే దుంప, కోల్ అంటే క్యాబేజీ. మన తాతలు వలందావాళ్లన్నది ఆ డచ్చివాళ్లనే. ఆ 'క్నోల్' కన్నడిగుల నోట నలిగి నలిగి నెమలి అయ్యుంటుందని నా ఊహ. జర్మన్లు పెట్టిన కోల్‌రాబి అన్న పేరుకి క్యాబేజీ టర్నిప్ అని అర్థం. ఇంత మందీ క్యాబేజీ అని ఊరికే అనలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, కేల్, నూల్‌కోల్ వృక్షశాస్త్రంలో ఒకే జాతి: బ్రాసికా ఒలరేసియా. ఒకే తల్లి పిల్లల్ని రైతులు తరతరాలుగా తలా ఒక తీరున పెంచారు. కొనమొగ్గ బిగిసేలా ఎంచుకుంటూ పోతే క్యాబేజీ అయింది, పూలగుత్తి ఉబ్బేలా చూస్తే కాలీఫ్లవర్ అయింది, ఆకు కోసం పెంచితే కేల్ అయింది. నడుం ఊరేలా పెంచినది నూల్‌కోల్.

ఇది తెలియక మొదటి ఏడు నేను చేసిన నిర్వాకం చెప్పాలి. మిద్దె మీద పది కుండీల్లో నారు పెట్టాను. కాండం ఊరడం మొదలవగానే నాలోని ఆలుగడ్డ రైతు నిద్రలేచాడు. గడ్డ ఎండకి బయటపడితే చెడిపోతుందని మట్టి ఎగదోసి కప్పేశాను. వారం తిరిగేసరికి నాలుగు కుళ్లాయి. మిగిలిన ఆరింటికి మట్టి తీసేస్తే బతికాయి. బతికాయి కదాని రెండో తప్పు చేశాను. కమలాపండంత అయ్యాక కోయాలని విత్తనాల పొట్లం మీద ఉన్నా, ఇంకో వారం ఉంచితే ఇంకాస్త ఊరుతుందని ఆశపడ్డాను. ఆ వారం మూడు వారాలైంది. చివరికి చిన్న కొబ్బరికాయంత వచ్చాయి. ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాను. కత్తి పెడితే సగంలో ఇరుక్కుంది. లోపలంతా పీచు. మా అత్తగారు ఒక ముక్క నమిలి, పిప్పి పక్కన పెట్టి, "కాయ పెరగాలని కూర్చుంటే కట్టె చేతికొస్తుంది అమ్మాయ్" అన్నారు. మరి ఫొటోలు పంపే ముందే ఆ మాట చెప్పొచ్చు కదా!

నూల్‌కోల్ గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి అదే. ఇది లేతకూర. బెండకాయ కొన విరిచి చూసి కొనే మనం దీన్ని మాత్రం కందగడ్డలా పరిమాణం చూసి ఏరుకుంటాం. రెండు నుంచి మూడు అంగుళాల అడ్డుకొలత దాటని కాయే తినదగ్గది. బత్తాయి సైజు దాటిందంటే మామూలు రకాలు అడుగు నుంచి ముదరడం మొదలెడతాయి. కాండం కదా, కింది భాగం పాతది, పైభాగం కొత్తది. పీచు కట్టడం కింద మొదలై పైకి పాకుతుంది. బజార్లో మీరు అడుగున గోరు గుచ్చి చూడండి. దిగితే కొనండి, దిగకపోతే అక్కడే పెట్టెయ్యండి. రాక్షసి నూల్‌కోల్‌లు లేవా అంటే ఉన్నాయి. 2006లో అలాస్కా రాష్ట్ర సంతలో దాదాపు 44 కిలోల కాయ ఒకటి ప్రపంచ రికార్డు కొట్టింది. అక్కడ వేసవిలో సూర్యుడు సరిగా అస్తమించడు, వాళ్ల లెక్క వేరు. పెద్దగా పెరిగినా మెత్తగానే ఉండే ప్రత్యేక రకాలు యూరప్‌లోనూ ఉన్నాయి. మనకి దొరికేవి మాత్రం వైట్ వియన్నా, పర్పుల్ వియన్నా లాంటివే. అవి తొందర పంటలు, వాటిని తొందరగానే కోసెయ్యాలి.

పండించడం కష్టమేమీ కాదు. గింజ అచ్చం ఆవగింజే. రెండూ కలిపేస్తే విడదీయడం ఎవరి తరమూ కాదు. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపిన ప్రోట్రేలో గుంటకొక గింజ అర సెంటీమీటరు లోతున వేస్తే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. ఇరవై అయిదు, ముప్పై రోజులకి నారు నాలుగైదు ఆకులేస్తుంది. అప్పుడు జానెడు దూరంలో నాటాలి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. నాటినప్పటి నుంచి యాభై, అరవై రోజుల్లో కోత. వెడల్పాటి కుండీ ఉంటే చాలు, దీనికి లోతు అక్కర్లేదు. ఎర్రమట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే కడుపు నిండిపోతుంది.

నీళ్ల దగ్గర మాత్రం మొండికేస్తుంది. రెండ్రోజులు ఎండబెట్టి మూడో రోజు బకెట్టు కుమ్మరిస్తే కాయ పగులుతుంది. తడి తగ్గితే పీచు కడుతుంది. అందుకే రోజూ కొంచెం కొంచెంగా పొయ్యాలి. మొక్క మొదట్లో ఎండాకులు పరిస్తే తడి నిలుస్తుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది కాబట్టి మన దగ్గర దసరా నుంచి కార్తీకం దాకా విత్తుకోవచ్చు. ఫిబ్రవరి ఎండలు ముదిరాక పెరిగిన కాయ ఘాటెక్కుతుంది, గట్టిపడుతుంది.

పురుగు విషయంలో క్యాబేజీకి ఎవరు శత్రువులో దీనికీ వాళ్లే. డైమండు రెక్కల పురుగు ఆకుని జల్లెడ చేస్తుంది, పేనుబంక ఆకు అడుగున కాపురం పెడుతుంది. క్యాబేజీ రైతులు ప్రతి 25 వరుసలకీ రెండు వరుసలు ఆవాలు వేస్తారు. పురుగు ముందు ఆవ మీద వాలుతుంది, అక్కడే దాని పని పట్టొచ్చు. నేను కుండీల మధ్య రెండు ఆవ మొక్కలు పెట్టి అదే చేశాను. అయిదు శాతం వేపగింజల కషాయం వారానికోసారి కొట్టాను. ఆకు కూడా తినాలనుకునేవాళ్లు మందుల జోలికి పోలేరు. ఆ లెక్కన ఇది పొలం కన్నా పెరటికీ మిద్దెకీ బాగా నప్పే పంట.

ఒక చిన్న నిరాశ. మిద్దె మీద నాలుగు మొక్కల్ని వదిలేసి గింజ కడదామంటే కుదరదు. ఇది రెండేళ్ల మొక్క. మొదటి ఏడు కాండం, కొన్ని వారాల పాటు చలి గట్టిగా తగిలాకే పువ్వూ గింజా. హైదరాబాదు డిసెంబరు మనకి వణుకు పుట్టించొచ్చు గానీ దీనికి ఆనదు. అందుకే ఈ కుటుంబపు శీతల రకాల విత్తనం హిమాచల్‌లోని కులు లోయ, కశ్మీరు వంటి కొండ ప్రాంతాల్లో కట్టాల్సిందే. మనం ఏటా కొనుక్కోవాల్సిందే.

కశ్మీరు మాట వచ్చింది కాబట్టి అసలు చోటికి వెళదాం. నూల్‌కోల్‌ని దేశంలో మర్యాదగా చూసుకునే ఇల్లు కశ్మీరీ ఇల్లు. వాళ్లకి ఇది మోంజ్. ఆకు హాక్. రెండూ కలిపి వండితే మోంజ్ హాక్. మనకి పప్పూ అన్నం ఎలాగో వాళ్లకి హాకూ అన్నం అలాగ. దాల్ సరస్సు మీద తేలే తోటల్లో పండిన ఈ ఆకుకూరలు తెల్లవారకముందే పడవలకెక్కి నీళ్ల మీది కూరల సంతకి చేరతాయి. పర్యాటకులు ఫొటోలు తీసుకునే ఆ పడవల్లో పచ్చగా కుప్పపోసి ఉండే దానిలో హాక్ వాటా చిన్నదేమీ కాదు. అక్కడ మోంజ్ ఆకు తెంపేసి అమ్మితే కొనేవాళ్లుండరు. ఆకే సగం కూర. అవ్వ గోతాంలో మేకల కోసం పడ్డది ఆ సగమే.

వంట నేర్పింది మా అపార్టుమెంటులో రెండేళ్లున్న ఒక కశ్మీరీ ఇల్లాలు. పొయ్యి దగ్గర నిలబెట్టి చూపించింది. ఆవనూనె పొగలు వచ్చేదాకా కాచాలి, అప్పుడే దాని పచ్చి ఘాటు పోతుంది. మంట తగ్గించి రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఇంగువ. వెంటనే రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు. నీళ్లు తెర్లేటప్పుడు ముక్కలు. అవి సగం ఉడికాక చీల్చిన పచ్చిమిర్చి, చేత్తో తుంపిన ఆకులు. మూత పెట్టబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, "మూత పెడితే పచ్చదనం చచ్చిపోతుంది దీదీ" అంది. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, పసుపు లేదు, ధనియాల పొడి లేదు. పావుగంటలో దించి, పలచని ఆ నీళ్లతో సహా అన్నంలో పోసుకోవడమే. మొదటి ముద్దకి నాకు చప్పగా అనిపించింది. మూడో ముద్దకి గిన్నె దగ్గరికి లాక్కున్నాను. మా ఇంట్లో ఆవనూనె వాసన అందరికీ పడదు కాబట్టి ఇప్పుడు పల్లీనూనెతో చేస్తున్నాను. అది హాక్ కాదని నాకూ తెలుసు.

నిల్వ దగ్గర వాళ్లకీ మనకీ ఒక చుట్టరికం కలుస్తుంది. డిసెంబరు 21తో మొదలయ్యే నలభై రోజుల గడ్డుచలిని కశ్మీరీలు చిల్లాయి కలాన్ అంటారు. మంచుకి జమ్మూ దారి మూసుకుపోతే లోయలోకి పచ్చికూర రావడం కష్టం. అందుకని వేసవిలోనే వంకాయలు, సొరకాయలు, టమాటాలు, ఆకులు కోసి ఎండబెట్టి దాచుకుంటారు. హోఖ్ స్యూన్ అంటారు, ఎండు కూర అని. వాంగన్ హచ్చి అని ఆ కశ్మీరీ ఇల్లాలు డబ్బా తెరిచి చూపిస్తే, నల్లగా ముడుచుకుని ఉన్నవి మా అమ్మ చేసే వంకాయ ఒరుగులే! వాళ్లు చలికి భయపడి ఎండబెడతారు, మనం ఎండ వృథా పోతుందని ఎండబెడతాం. ఆ ఉత్సాహంలో నూల్‌కోల్ ఒరుగులు కూడా ప్రయత్నించాను. పలచగా చక్రాలు కోసి, ఉప్పునీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టాను. ఎండుతున్నంతసేపూ ఉడికిన క్యాబేజీ కంపు. వేయించుకుంటే తోలు. ఇది నాలాంటి వాళ్లు మళ్లీ చేయనక్కర్లేని పని.

దానికి బదులు ఊరగాయ పెట్టండి. కశ్మీరీ మోంజ్ ఆచార్‌లో ఆవనూనె, కారం, ఆవాలు, ఉప్పు ఉంటాయి. మన ఆవకాయకి దూరపు చుట్టం. ముక్కల్ని లేతకాడలతో సహా కోసి, ఒక పూట ఎండలో వాడనిచ్చి, తడి లేకుండా కలిపి, జాడీని వారం పాటు ఎండలో పెట్టాలి. కరకరలాడుతుంది. మాగాయలా ఏడాది ఉండదు, నెలలో తినెయ్యాలి. మా ఇంట్లో పది రోజులు దాటిన దాఖలా లేదు.

పచ్చికాయ నిల్వకి సూత్రం ఒక్కటే. ఇంటికి రాగానే ఆకులు కోసెయ్యాలి. పారేయడానికి కాదు, విడిగా దాచడానికి. ఆకు ఉన్నంతసేపూ కాయలోని తేమని పీల్చి గాలిలో కలుపుతుంది. ఆకుని తడిగుడ్డలో చుట్టి రెండు మూడు రోజుల్లో వండెయ్యాలి. కాయని కడక్కుండా, తోలు తీయకుండా సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర, బాగా తేమ ఉండే శీతల గిడ్డంగుల్లో రెండు నెలల పైన నిలుస్తుంది. ఈ విషయంలో కాలీఫ్లవర్‌కి తీసిపోదు.

తోలు తీయడంలో ఒక కిటుకు ఉంది. పీలరుతో పైపైన గీకితే పని కాదు. తోలు కింద ఇంకో పీచు పొర ఉంటుంది. కాయ అడుగు అంగుళం కోసి పారేసి, కోసిన అంచున కత్తిమొన దూర్చి, పొరని పైకి లాగాలి. చెరకు తోలు ఒలిచినట్టు పట్టీలు పట్టీలుగా ఊడివస్తుంది. ఒలిచాక ఒక ముక్క నోట్లో వేసుకోకుండా ఎవరూ ఉండలేరు. క్యాబేజీ మోడుని చిన్నప్పుడు వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని తిన్నవాళ్లకి ఆ రుచి తెలుసు, ఇది దానికి అన్నగారు. కాస్త తీపి, చివర్లో ముల్లంగి ఘాటులో పావు వంతు. జర్మనీలో చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు అక్కడి పిల్లలు స్కూలు డబ్బాలో దీన్ని పచ్చి ముక్కలుగా తెచ్చుకుంటారని చెప్పాడు. నిమ్మరసం, ఉప్పు, కొంచెం కారం చల్లితే మన పిల్లలూ తింటారు. వంద గ్రాముల పచ్చికాయలో 62 మిల్లీగ్రాముల దాకా సి విటమిన్ ఉంటుంది, కమలాపండు కన్నా ఒక పిసరు ఎక్కువే. కేలరీలు 27. థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం క్యాబేజీ కుటుంబాన్ని పచ్చిగా అతిగా తినకుండా వండుకుని తినడం మేలు.

వంటకి వస్తే నా ఓటు పప్పుకి. కందిపప్పు ముప్పావు వంతు ఉడికాక చిన్న ముక్కలు, తరిగిన ఆకు వేసి మిగతాది ఉడకనివ్వాలి. చింతపండు వెయ్యొద్దు, ఆకు రంగూ రుచీ రెండూ పోతాయి. దించాక నిమ్మకాయ పిండి, నేతిలో జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెట్టండి. మా అత్తగారు ఒప్పుకోరు. నవిలకోసంటే హులి చెయ్యాలంటారు. కందిపప్పులో ముక్కలు, చింతపండు రసం, ధనియాలు, ఎండుమిర్చి, కొబ్బరి వేయించి నూరిన ముద్ద, కాసింత బెల్లం. బెంగళూరు, హిందూపురం ఇళ్లలో రాగిసంగటి పక్కన ఇది ఉందంటే ఇంకో కూర అడగరు. కొబ్బరి వేసిన వేపుడూ బాగుంటుంది. పెరుగుపచ్చడిలో కోరు కలిపితే దోసకాయలా నీళ్లూరదు. కుక్కర్లో వేసి మూడు కూతలు వినిపించకండి, చాలు. మెత్తబడ్డ నూల్‌కోల్‌కి రుచీ లేదు, రూపమూ లేదు. దీనికి మన దగ్గర చెడ్డపేరు రావడానికి సగం కారణం ముదురుకాయ, మిగతా సగం కుక్కరు.

మొన్న అదే అవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి ఆకు తెంపలేదు. "ఇగో, నీకోసమే అట్లనే ఉంచిన" అంటూ నాలుగు తీసి ఇచ్చింది. ఆకుకి విడిగా అయిదు రూపాయలు వేసింది.

నాకు ఆ అయిదు రూపాయలు ఇవ్వడం సంతోషంగానే ఉంది. మీరూ ఇవ్వండి. చిన్న కాయలే ఏరుకోండి, ఆకు వదలకండి. మిద్దె ఉన్నవాళ్లు కార్తీకం మొదట్లో గింజ వేసుకుంటే సంక్రాంతి వెళ్లాక తొలికాయ కోసుకోవచ్చు.